పైన, కుడివైపు మూలన

ఈసారి కూడా నిమ్మకాయ బార్లే, పంచదార పొడి చల్లిన మిఠాయి ముక్కలు. ఏ పుణ్యాత్మురాలు చేసుకొచ్చిందో గాని, చావుల కమిటీ కూర్చుంటుందంటే చాలు, ఈ కౌంటీలో ఎవరో ఒకరికి నిమ్మకాయలు గుర్తొస్తాయి. పుల్లగా ఉండాల్సినదాన్ని పంచదారలో ముంచి, ముక్కలు కోసి, పళ్ళెంలో పేర్చి బల్ల మధ్యన పెడతారు. అందరూ తలో ముక్క తీసుకుని "అబ్బ, ఎంత బావుందో" అంటారు, ఆ తర్వాత ఒక ఆడమనిషిని మొగుడు ఎలా చంపాడో మాట్లాడుకుంటారు. మార్లిస్ హాగెన్ తన ముందున్న ముక్కని పేపరు రుమాలుతో సహా అవతలికి తోసేసింది. ఒంటిగంటయింది. కోర్టు భవనం అడుగున, కిటికీల్లేని ఈ గదిలో గంటసేపు కూర్చుని రెండింటికి లేవాలి, అంతే పని. ముప్ఫై ఏళ్ళుగా కోర్టు గుమాస్తాగా ఉన్న మనిషికి గంటసేపు కూర్చోవడం ఒక లెక్కా, ఆరేళ్ళుగా ఈ కమిటీలో కోర్టు తరఫున కూర్చుంటూనే ఉంది, కూర్చోవడంలో ఆవిణ్ణి మించినవాళ్ళు లేరు. కాని ఇవాళ కుర్చీ కింద ఎవరో కుంపటి పెట్టినట్టుంది. పైగా ఎడం అరచేతికి ఒక పసుప్పచ్చ స్టిక్కీ కాగితం అతుక్కుని ఉంది, దానిమీద ఇంకా ఏమీ రాయలేదు. రాస్తే గోడకి అంటించాలి. అంటించడమంటే రెండర్థాలు, అతికించడం ఒకటి, నిప్పు పెట్టడం ఒకటి. ఈ బుల్లి కాగితానికి రెండో పనే బాగా వచ్చు.

గోడ పొడుగునా గోధుమరంగు కాగితం పరిచి ఉంది, ఇరవై అడుగులుంటుంది, మాంసం కొట్టువాడు పొట్లాలు కట్టే రకం. ఎడమ చివర పెళ్ళి, కుడి చివర ఎర్ర పెన్నుతో నిలువుగీత. ఆ గీత అవతల కాగితం ఇంకా రెండడుగులు ఖాళీగానే మిగిలింది, అక్కడ ఎవరూ ఏమీ అంటించరు. గీతకి ఇవతల ఎవరి రంగు వాళ్ళది: పోలీసులది నీలం, ఆసుపత్రిది ఆకుపచ్చ, దెబ్బలు తిన్న ఆడవాళ్ళకి ఆశ్రయమిచ్చే ఇంటివాళ్ళది గులాబీ, కోర్టుది పసుపు. ఆ మనిషి ఎప్పుడెప్పుడు ఎవరి గుమ్మం తొక్కిందో ఒక్కో కాగితం మీద తేదీ వేసి అంటించాలి, ఆనక ఎవరి రంగు వాళ్ళు లేచి చదవాలి. గోడ మీద గోడు. దూరం నుంచి చూస్తే ఒకటో తరగతి పిల్లల క్లాసురూములా ఎంతో ముచ్చటగా ఉంటుంది. దగ్గరికెళ్ళి చదివితే, ఆకుపచ్చ: "మెట్లమీంచి జారిపడింది అని చెప్పింది." ఆకుపచ్చ: "కారు తలుపు తగిలింది అని చెప్పింది." నీలం: "వెళ్ళేసరికి సద్దుమణిగింది." నీలం: "వెళ్ళేసరికి సద్దుమణిగింది." సద్దు మణిగిందిట, మణగదూ, నోరు మూసేశాక సద్దెక్కణ్ణించి వస్తుంది. బల్లమీద ప్రతి మనిషి ముందూ ప్లాస్టిక్ తొడుగేసిన అట్టముక్క ఒకటి ఉంటుంది, ఈ కమిటీ ప్రమాణం అది. ఇక్కడ నింద లేదు, సిగ్గు లేదు. మొదటి ఏడాది మార్లిస్ అది చదివి పగలబడి నవ్వింది, సిగ్గు లేదని అచ్చేయించి మరీ ముందు పెట్టుకుని కూర్చున్న సభ లోకంలో ఇదొక్కటేనర్రా అంది. అందరూ నవ్వారు, మార్లిస్ ఉంటే మనకి పొద్దు తెలీదమ్మా అన్నారు. అవును, ఎంతమంది పొద్దు గుంకిందో తెలీకుండానే ఆరేళ్ళు గడిచిపోయాయి.

"మొదలుపెడదామా అండీ," అంది కొరిన్. రాజధాని నుంచి కారేసుకుని వచ్చే మనిషి, ఈ సమీక్షలు నడిపించడమే ఉద్యోగం, గొంతు ఎప్పుడూ పసిపిల్ల నిద్రపోతున్న గదిలో మాట్లాడుతున్నట్టుంటుంది. "ఈ విడతలో నాలుగో కేసు. ఎప్పటిలాగే పేర్లొద్దు. ఆవిణ్ణి బాధితురాలు అందాం, ఆయన్ని ఆ వ్యక్తి అందాం." బాధితురాలట. ఈ బల్ల చుట్టూ ఉన్నవాళ్ళలో నలుగురి పిల్లల్ని తొమ్మిదేళ్ళపాటు బడికి దింపింది ట్వైలా మాకి, మైనస్ ముప్ఫైలో బస్సు ఇంజను మొరాయిస్తుంటే తెల్లారకముందే గ్యారేజీకి వెళ్ళి దాన్ని బతిమాలి బయల్దేరదీసేది. ఇదిగో ఎదురుగా కూర్చున్న పోలీసు డిప్యూటీ లాటి, పేరు లాటి, పని లాఠీ అని మార్లిస్ ఎన్నిసార్లు ఏడిపించిందో లెక్కలేదు, ఈయన రెండో కూతురు బస్సులో వాంతి చేసుకుంటే తన కోటు విప్పి కప్పి తెచ్చింది ట్వైలాయే. పేరు అందరికీ తెలుసు. పేరు తెలీనట్టు కూర్చోవడం కూడా అందరికీ తెలుసు. బతికుండగా పేరుపెట్టి పిలిచి పలకరించినవాళ్ళం, చచ్చాక నంబరు పెట్టి పిలుస్తున్నాం, నాలుగో కేసు, నాలుగు మాటలనుకుని నలుగురం లేచిపోతే సరి, మోసేది కూడా ఆ నలుగురే.  నిమ్మకాయ వాసన ముక్కులోంచి కాదు, గొంతులోంచి వస్తున్నట్టుంది.

పదహారు నెలల కిందట, అక్టోబరు ఆరు, ట్వైలా కౌంటరు దగ్గరికొచ్చింది. అది మాత్రం మార్లిస్‌కి కళ్ళకి కట్టినట్టు గుర్తుంది, మర్చిపోతే ఎంత బావుణ్ణు. మొగుడు లైల్ దగ్గరికి రాకుండా ఉత్తర్వు కావాలని ఫారం నింపుతోంది. కూతుర్ని తీసుకుని అరవై మైళ్ళ అవతల బర్చ్ ఫాల్స్‌లో ఒక మేడమీద వాటా తీసుకుందిట, అక్కడి బడిలోనే బస్సు ఉద్యోగమూ దొరికిందిట, ఏ ఊరో వాడికి తెలీదుట. కొత్త చిరునామాకి వేరే కాగితం ఉంటుంది, ముదురు పసుపుది, నింపగానే కవర్లో పెట్టి సీలు వేస్తారు. ట్వైలా పెన్ను ఎత్తిపట్టుకుని ఆగిపోయింది. "ఇది ఆయన చూస్తాడాండీ?" అంది. మార్లిస్ ఏం చేసింది, మార్లిస్ మార్లిస్సే కాబట్టి జోకేసింది. "తల్లీ, ఈ కవర్లోకి వెళ్ళిన కాగితం మా జడ్జిగారికే దొరకదు, మీ ఆయనకేం దొరుకుతుంది." ట్వైలా నవ్వింది. ముందు పన్ను సగం విరిగి ఉంది, కాబట్టి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది, కాని భుజాలు కదిలేలా నవ్వింది, చాన్నాళ్ళకి నవ్వినట్టు నవ్వింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నవ్వుతూనే ఇంటి నంబరు, వీధి, ఊరు రాసి ఇచ్చేసింది. చిరునవ్వు చూపించి చిరునామా తీసుకుంది మార్లిస్. ఆ రోజు ఇంటికెళుతూ కారులో అనుకుంది కూడా, ఇవాళ ఒక మనిషిని నవ్వించానని, నా ఉద్యోగంలో ఇదీ ఒక భాగమేనని. తూ.

"పోస్టర్ల సంగతి కూడా చివర్లో చూద్దాం," అంటోంది కొరిన్. ప్రతి సమీక్షా చివరికి పోస్టరు దగ్గరే తేలుతుంది. మొదటి ఏడాది సిఫారసు పోస్టరు, రెండో ఏడాది మరింత పెద్ద పోస్టరు, పోయినేడాది ఆడవాళ్ళ బాత్‌రూముల్లో పోస్టరు, అడుగున ఫోన్ నంబరున్న చీటీలు చింపుకోవడానికి వీలుగా. శవం లేచాక సమీక్ష, సమీక్ష లేచాక నివేదిక, నివేదిక నేరుగా బీరువాలోకి, అక్కడ దానికి సుఖనిద్ర. విచారణ నిండా మర్యాదే, విచారం మాత్రం మందుకైనా కనబడదు. లోపం అనకూడదు, మెరుగుపడే అవకాశం అనాలి. ఈ గోడ మీద ఎన్ని అవకాశాలో, నిన్న సాయంత్రం వరకూ మార్లిస్ కూడా అంది ఆ మాట, నోరు తిరగకపోతే కదా, ముప్ఫై ఏళ్ళ కోర్టు నోరు.

నిన్న సాయంత్రం ఈ సమావేశం కోసం ఫైలు తీసింది. కంప్యూటర్లో ఉన్నది చూసి రాసుకొస్తే సరిపోయేది, ఎప్పుడూ అదే చేస్తుంది. అందులో అక్టోబరు పంతొమ్మిదికి ఒకే ఒక్క పంక్తి ఉంది: ఉత్తరం అందింది, పార్టీలకు నకళ్ళు. ఆ పంక్తికి పది అడుగుల దూరంలో బీరువాలో అసలు ఫైలుంది కదా అని ఎందుకు బుద్ధి పుట్టిందో లేచి తీసింది. ఆకుపచ్చ సిరా, గుండ్రటి చేతిరాత, గీతల కాగితం. ట్వైలా జడ్జిగారికి రాసిన ఉత్తరం. "అయ్యా, నా వాయిదా మధ్యాహ్నం రెండున్నరకి వేశారు. నాది కొత్త ఉద్యోగం. రెండు నలభై అయిదుకి బడి వదులుతారు, నేను లేకపోతే పిల్లలు చలిలో నిలబడాలి. వేరే రోజు గాని, పొద్దుటి పూట గాని ఇవ్వగలరా? శ్రమ ఇస్తున్నందుకు క్షమించండి." అంతే ఉత్తరం. బళ్ళో టీచరు ఉత్తరం ఎలా రాయాలని నేర్పిందో అలాగే రాసింది బంగారుతల్లి: పైన, కుడివైపు మూలన, ఇంటి నంబరు, వీధి, ఊరు, వాటి కింద తేదీ. ఇక కోర్టు టీచరేం నేర్పింది మార్లిస్‌కి? ఒక పక్షంవాళ్ళు జడ్జికి రాసిన ఏ ముక్కా రెండో పక్షానికి తెలీకుండా జడ్జి కంట పడకూడదు, అది అన్యాయం. కాబట్టి ఉత్తరం రాగానే నకలు తీయాలి, అవతలివాడికి పోస్టులో పంపాలి, పంపినట్టు ముద్ర కొట్టి పొడి అక్షరాలు వేయాలి. అక్టోబరు ఇరవై. ముద్ర కింద ఎం.హెచ్. తన చెయ్యే. సీలేసిన కవరు సీలేసినట్టే బీరువాలో ఉంది, ఎంత పవిత్రంగా ఉందో, దేవుడి హుండీ కూడా అంత భద్రంగా ఉండదు. దాని పక్కనే, అదే చిరునామా, ఆకుపచ్చ సిరాతో, నకలు తీసి, మడిచి, బిళ్ళ అంటించి, లైల్ మాకికి పంపించేసింది కోర్టు. ఒక్క నిబంధన కూడా తప్పలేదు. నకలు వెళ్ళింది, అసలు పోయింది.

అన్నిటికన్నా అసహ్యమేమిటంటే ఆ రోజు గుర్తే లేదు. జోకు గుర్తుంది. జోకులో మాటల వరస గుర్తుంది, ఎక్కడ ఊపిరి తీసుకున్నదో కూడా గుర్తుంది. నకలు తీసిన రోజు మాత్రం బుర్రలో చీపురేసి ఊడ్చినట్టుంది. ఆ రోజు ఏ చొక్కా వేసుకుందో, మధ్యాహ్నం ఏం తిందో, మిషను దగ్గర నిలబడి ఎవరితో వాగుతోందో. వాగుతూనే ఉండుంటుంది. మిషను మూత ఎత్తడం, కాగితం బోర్లా పెట్టడం, పచ్చటి వెలుతురు ఇటునుంచి అటు పోవడం, వేలసార్లు చేసిన పని. మూత కింద ట్వైలా ఇల్లు బోర్లా పడుకుని ఉంది, పైన మార్లిస్ చెయ్యి అదిమిపట్టి ఉంది, వెలుతురు గుమ్మం వెంట, మెట్ల వెంట, పిల్ల పడుకునే గది వెంట పోయింది. వాడి పని తేలిక చేయడానికి ఎంత శుభ్రంగా వచ్చిందో నకలు, కొత్త మిషనాయె, ఆ ఏడాదే కొన్నారు.

"అక్టోబరు ఇరవైనాలుగు," అని చదువుతున్నాడు లాటి, లేచి నిలబడి, నీలం కాగితాల మీద వేలు పెట్టి, "ఆ వ్యక్తి బర్చ్ ఫాల్స్ పెట్రోలు బంకులో పెట్రోలు కొట్టించాడు, రసీదు ఉంది. నవంబరు రెండు, ఘటన. ట్రక్కులో దొరికిన వస్తువుల జాబితా మీ కాగితాల్లో ఇచ్చాను." రెండు తూటాలు, రెండోదాంతో తననే కాల్చుకున్నాడు, కాబట్టి కేసు లేదు, ముద్దాయి లేడు, వాదన లేదు, మూసేశారు. ఆ జాబితా మార్లిస్ ముందే ఉంది. పదిహేడో నంబరు: కోర్టు కాగితాలు, నాలుగు మడతలు. మడత విప్పి చూసిన నాథుడు లేడు. కోర్టు కాగితాలు అనగానే ఎవరికైనా ఆవలింత వస్తుంది, మార్లిస్‌కే వచ్చేది. లాటి కూర్చున్నాడు, చేతికి అంటిన పంచదార పొడి ప్యాంటుకి తుడుచుకున్నాడు. తర్వాత డెల్ఫీన్ లేచింది. ఆశ్రయమిచ్చే ఇల్లు నడుపుతుంది, ఈ గదిలో మార్లిస్ కాక బార్లు ముట్టని మనిషి ఆవిడొక్కతే, మూడు గులాబీ కాగితాలు మూడు ముక్కల్లో చదివి కూర్చుంది. "ఊరు మారమని చెప్పింది మేమే. మారింది. మేం చెప్పినవన్నీ చేసింది." నీలం వాళ్ళు నీలం చదువుకుంటారు, గులాబీ వాళ్ళు గులాబీ, ఒకరి రంగు ఇంకొకరు పైకి చదవడం మర్యాద కాదు ఇక్కడ, పక్కవాడి ప్రార్థన పుస్తకంలోకి తొంగిచూసినట్టుంటుంది. అందుకే గోడంతా కళ్ళెదుటే ఉన్నా ఎవరికీ కనబడదు.

"మన ముందున్న పెద్ద ప్రశ్న," అంది కొరిన్, "ఆ వ్యక్తికి చిరునామా ఎలా తెలిసింది అన్నది. దీనికి కుటుంబ సభ్యురాలితో మాట్లాడాం." తెర మీద ఫోటో వేసింది. ఏడేళ్ళ పిల్ల, హాలోవీన్ పండక్కి కళ్ళూ పళ్ళూ చెక్కిన గుమ్మడికాయ పక్కన గొంతుక్కూర్చుని తను కూడా పళ్ళికిలించింది, ముందు పళ్ళు రెండూ లేవు, వెనక తలుపు మీద నాలుగువందల పద్ధెనిమిది అని ఇత్తడి అంకెలు. అక్టోబరు ముప్ఫైన పిల్ల పెద్దమ్మ, ట్వైలా అక్క సెల్మా, ఫేసుబుక్కులో పెట్టింది. పెట్టి మూడు రోజులకి వాడు ఆ తలుపు తట్టాడు. "కాబట్టి నివేదికలో ఈ వాక్యం ఉంటుంది," కొరిన్ కళ్ళజోడు సర్దుకుంది, "'బాధితురాలి కుటుంబ సభ్యుల సోషల్ మీడియా ద్వారా చిరునామా బయటపడి ఉండవచ్చు.' దానికి తగ్గట్టు సిఫారసు, ఫోటోలు పెట్టేటప్పుడు జాగ్రత్తల గురించి ఒక పోస్టరు. ఎవరికైనా అభ్యంతరమా?"  ఎవరో ముక్క కొరికారు, ఆ చప్పుడు వినిపించింది.

బాధితురాలి తరఫువాళ్ళనే బాధ్యుల్ని చేస్తే మిగిలినవాళ్ళం సుఖంగా పడుకోవచ్చు. పోయిన ఏప్రిల్లో కిరాణా కొట్టులో, బంగాళాదుంపల దగ్గర, సెల్మా కనిపించింది మార్లిస్‌కి. హార్డ్‌వేరు కొట్లో తాళాలకి మారుచెవులు కోసే మనిషి సెల్మా, ఊళ్ళో సగం తలుపులు ఆవిడ చేతిమీదుగా తెరుచుకున్నవే, ఒక బంగాళాదుంప పట్టుకుని దానివంకే చూస్తూ ఎంతసేపటినుంచి నిలబడిందో. చెల్లెలి కూతురు ట్రాలీ పట్టుకుని పక్కన నిలబడి ఉంది. "ఆ ఫోటో పెట్టింది నేనే, మార్లిస్, తెలుసా నీకు," అంది సెల్మా, పలకరింపు కూడా లేకుండా, "దాన్ని నేనే చంపాను." పిల్ల వింటోంది. మార్లిస్ ఆవిడ చేతులు పట్టుకుని, "నీ తప్పేం లేదమ్మా, నీ తప్పేం లేదు," అంది, గుండె నిండుగా అంది, నిజమేనని తెలీకుండానే నిజం చెప్పింది. పెదవి మీదినించి వచ్చే ఓదార్పు ఎంత చవకో, నిజం కూడా అంత చవగ్గానే వచ్చి వెళ్ళిపోయింది. సెల్మా నమ్మలేదు. నమ్మడానికి ఆధారమేది? ఇప్పుడు ఈ వాక్యం అచ్చవుతుంది, పేర్లుండవు, కాని బర్చ్ ఫాల్స్‌లో గుమ్మడికాయ పక్కన కూర్చున్న పిల్ల ఎంతమంది ఉంటారు, సెల్మా చదువుతుంది, ప్రభుత్వమే అంది కదా అనుకుంటుంది. ఆ పిల్ల పెద్దయ్యాక అది కూడా చదువుతుంది. ఫోటోలో నవ్వింది తను కాబట్టి తనే చంపానని అనుకున్నా అనుకుంటుంది.

మాట్లాడకుండా ఉంటే ఏమవుతుంది, ఏమీ అవదు, అదే కదా ఈ గది గొప్పతనం. నాలుగేళ్ళలో ఉద్యోగం నుంచి దిగిపోతుంది, వెళ్ళేరోజున కేకు కోస్తారు, మార్లిస్ ఉంటే నవ్వులే నవ్వులు అంటారు. ఒకే ఒక్క పసుప్పచ్చ కాగితం, పెద్ద బిస్కట్టంత. అరచేతి చెమటకి దాని జిగురు ఎప్పుడో చచ్చిపోయినట్టుంది, అయినా వదల్లేదు. గోడవంక చూసింది. నీలం, ఇరవైనాలుగు, పెట్రోలు రసీదు. ఫోటో ముప్ఫైన. ఇరవైనాలుగు ముందా, ముప్ఫై ముందా? ఒకటో తరగతి పిల్ల చెబుతుంది. వాడు ఆ ఊళ్ళో పెట్రోలు పోయించుకున్న ఆరు రోజుల తర్వాతగాని గుమ్మడికాయకి పళ్ళే చెక్కలేదు. రసీదు అంటించింది లాటి, ఫోటో చూపించింది కొరిన్, ఇద్దరి మధ్యా అయిదడుగులు కూడా లేదు. ఆ అయిదడుగులు నడవాల్సింది ఎవరు?

మార్లిస్ లేచింది. గోడ దగ్గరికి నడిచింది. నిలబడే, గోడకే ఆనించి రాసింది కాగితం మీద, అక్షరాలు వంకరపోయాయి. "అక్టోబరు 20. బాధితురాలి ఉత్తరం నకలు, ఆమె కొత్త చిరునామాతో సహా, కోర్టు లైల్ మాకికి పోస్టు చేసింది. చేసింది నేను." ఇరవైనాలుగుకి ఎడంపక్కన అంటించింది. నిలబడలేదది, గాలిలో తిరుగుతూ కింద పడింది. తీసి మళ్ళీ అంటించింది, మళ్ళీ పడింది. మూడోసారి అరచెయ్యి దానిమీద వేసి అలాగే నిలబడింది. "ఇదిగో, ఇరవైన పంపాను, ఇరవైనాలుగున వాడు ఆ ఊళ్ళో ఉన్నాడు, ముప్ఫైన ఫోటో," అంది. "ఆ పదిహేడో నంబరు విప్పండి, లాటి. నాలుగు మడతలూ విప్పండి. ఆకుపచ్చ సిరా ఉండదు, నకలు కదా, నల్లగా ఉంటుంది."

గదిలో హీటరు గొట్టాలు టకటకమన్నాయి. లాటి జాబితా చూశాడు, గోడ చూశాడు, మెడ దగ్గరినుంచి ఎర్రబడ్డాడు. ఆనక ఏమైంది, మార్లిస్‌కి భయమున్నదల్లా తిడతారేమోనని, తిట్టి ఉంటే ఎంత హాయిగా ఉండేదో. "థాంక్యూ, మార్లిస్," అంది కొరిన్, ఆ పసిపిల్ల నిద్రపోయే గొంతుతోనే, "ఇది చెప్పడానికి ఎంతో ధైర్యం కావాలి. మనకి గొప్ప అవకాశం ఇది, ఉత్తరాల పద్ధతి మెరుగుపరచుకోవడానికి. 'చేసింది నేను' అన్నది అక్కర్లేదు, తీసేద్దాం, ఇక్కడ నింద లేదు కదా." ఆసుపత్రి ఆవిడ వచ్చి భుజం నిమిరింది. "నిబంధన ప్రకారమే చేశావు కదా మార్లిస్, నీ తప్పేముంది ఇందులో," అన్నాడు లాటి, పాపం నిజంగానే అన్నాడు, పళ్ళెం ఇటు జరిపాడు, "కూర్చో, కాస్త తిను, ముఖం పాలిపోయింది." ఒక్క నిమిషం, నిమిషం కూడా పట్టలేదు, క్షమించేశారు. ఎవరి తరఫున క్షమించారు వీళ్ళు, ఎవరిచ్చారు వీళ్ళకి పవరాఫ్ అటార్నీ? పంచదార పొడిలా చల్లేశారు మీదంతా. దులుపుకుందామన్నా చేతులు ఖాళీ లేవు, ఒక చెయ్యి గోడ మీద ఉంది. డెల్ఫీన్ మాత్రం తన గులాబీ కాగితాలవంక చూస్తూ, "మేం చెప్పినవన్నీ చేసింది," అంది మళ్ళీ, ఎవరితోనూ కాదు.

"సెల్మాకి ఎవరు చెబుతారు?" అంది మార్లిస్.

"పేర్లొద్దు, ప్లీజ్."

"సెల్మాకి. ఎవరు. చెబుతారు."

కొరిన్ కళ్ళజోడు తీసింది. ఈ గదిలో అన్న మాట గది దాటకూడదని చట్టం, అందరూ సంతకాలు పెట్టారు, దాటితే రేపు ఏ ఆఫీసూ నోరు విప్పదు, రేపటి ఆడవాళ్ళ కోసమే ఈ నియమం, ఫోటో వాక్యం తప్పకుండా తీసేస్తాం, ఉత్తరాల గురించి సాధారణంగా ఒక వాక్యం పెడతాం, నివేదిక వచ్చే ఏడాది వసంతానికి వస్తుంది. అన్నీ నిజమే. అన్నీ న్యాయమే. ఆ రోజు ఉత్తరం నకలు పంపడం కూడా న్యాయమే. వచ్చే ఏడాది వసంతం దాకా సెల్మా బంగాళాదుంపలు చూస్తూ నిలబడాలి, ఆనక ఒక సాధారణ వాక్యం చదివి అది తన చెల్లెలి గురించేనని తనంతట తనే కనిపెట్టాలి. డెల్ఫీన్ లేచొచ్చి మార్లిస్ చెయ్యి పక్కకి జరిపి, ఆ కాగితానికి నాలుగు వైపులా టేపు వేసింది, అడుగున "చేసింది నేను" మీద కూడా వేసింది, గట్టిగా, గోటితో రుద్ది మరీ. మార్లిస్ వచ్చి తన కుర్చీలో కూర్చుంది. ఒంటిగంట యాభై. కొరిన్ పోస్టర్ల దగ్గరికొచ్చింది.

ఈ గదిలో అన్న మాట గది దాటకూడదు. సరే, దాటదు. కాని ఆ ఉత్తరం ఈ గదిలో పుట్టలేదు. పై అంతస్తులో తన కౌంటరు వెనకాల బీరువాలో ఉంది, సీలు లేని ఫైలు, ఊళ్ళో ఎవరొచ్చి అడిగినా తీసి చూపించాల్సిన ఫైలు. అడక్కపోయినా నకలు పంపకూడదని ఏ చట్టమూ లేదు, ముప్ఫై ఏళ్ళుగా నకళ్ళు పంపుతున్న మనిషికి తెలీదా ఏమిటి? పార్టీలకు నకళ్ళు. ఒక పార్టీకి ఇరవైన వెళ్ళిపోయింది, రెండో పార్టీ తరఫున ఉన్నది ఇప్పుడు సెల్మా ఒక్కతే, ఆవిడకి పదహారు నెలలుగా బాకీ. ముద్ర ఉంటుంది, తేదీ ఉంటుంది, ఎం.హెచ్. ఉంటుంది, తేదీ చూస్తే సెల్మాకి చాలు, తాళం మీద తాళంచెవి పెట్టినట్టు కూర్చుంటుంది. మిషను దగ్గరికి వెళ్ళాలి. మూత ఎత్తాలి, బోర్లా పెట్టాలి. ఈసారి ఎవరితోనూ వాగకూడదు, వెలుతురు ఇటునుంచి అటు పోయేదాకా చూడాలి.

ముందున్న సిగ్గులేని అట్టముక్కని బోర్లించి, దాని మీద గీతల కాగితం ఒకటి పెట్టుకుంది. నకలుతో పాటు నాలుగు ముక్కలు రాయకపోతే బావుండదు. ఏం రాయాలి, క్షమించు అనా, శ్రమ ఇస్తున్నందుకు క్షమించండి అని ట్వైలా రాసేశాక ఇక ఆ మాట ఇంకెవరూ వాడటానికి వీల్లేదు. ఒక చమత్కారమైనా తోచలేదు, జీవితంలో మొదటిసారి, బుర్ర ఖాళీ గోడలా ఉంది. "బాత్‌రూముల్లో మాత్రం పసుపు రంగు పోస్టరు బావుంటుందేమో," అంటున్నారు ఎవరో. సెల్మా అని రాయబోయి ఆగింది మార్లిస్. బళ్ళో టీచరు అలా నేర్పలేదు. పెన్ను పైకి తీసుకెళ్ళింది, కుడివైపు మూలకి, అక్కడ తన ఇంటి నంబరు రాసింది, తన వీధి రాసింది, తన ఊరు రాసింది, సెల్మాకి ఎప్పుడు రావాలనిపించినా, ఏమనాలనిపించినా, వెతుక్కోవాల్సిన పనిలేకుండా. దాని కింద తేదీ వేసింది.